మందెవరికి, నీళ్ళెవరికి

డాక్టరు హనుమేష్ కుర్చీలోంచి లేచి నిలబడటం సిద్దమ్మ తలుపు సందులోంచి చూసింది.

కాసేపటి క్రితం కూతురు శివజ్యోతిని తీసుకుని తను అదే గదిలోకి పోయినప్పుడు ఆయన లేవలేదు. మర్యాదగానే మాట్లాడాడు. జ్యోతి గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. పళ్ళు కరిపించి చూశాడు. "రేపు పొద్దున్నే ఆపరేషన్, భయపడకండి" అన్నాడు. అంతా కూర్చునే. ఇప్పుడు రాజంపేట నుంచి కారులో వచ్చిన వెంకటేశ్వర్లు, ఆయన భార్య నాగలత, కూతురు లక్ష్మీప్రియ లోపలికి అడుగుపెట్టగానే లేచాడు. వెంకటేశ్వర్లు కూర్చున్నాకే మళ్ళీ కూర్చున్నాడు.

"చూస్తివా?" అంది సిద్దమ్మ.

"ఏంది?" అంది జ్యోతి ఫోనులోంచి తల ఎత్తకుండానే.

"ఏం లేదులే."

సిద్దమ్మది ఓర్వకల్లు దగ్గర పల్లె. కర్నూలు ఉల్లి మార్కెట్ యార్డులో ఎర్రగడ్డలు ఏరే పనికి పోతుంది. పైకి నిగనిగలాడే గడ్డనైనా కాడ దగ్గర బొటనవేలితో ఒక నొక్కు నొక్కందే గంపలో వెయ్యదు. మెత్తగా తగిలిందంటే లోపల కుళ్ళినట్టే. పక్కన కూర్చున్న ఆడవాళ్ళ గంపలు నిండి లేచిపోతున్నా ఆమె గంప సగంలోనే ఉంటుంది. మేస్త్రీ తిట్టినా ఆ అలవాటు పోలేదు. మనుషుల దగ్గరా ఆమెది అదే పద్ధతి.

జ్యోతికి కింది దవడ ముందుకు పెరిగింది. పై పళ్ళూ కింది పళ్ళూ కలవవు. జొన్నరొట్టెను కొరకలేక, తుంపులు చేసి వేలితో దవడ పళ్ళ కిందికి తోసుకుంటుంది. ఈ ఆపరేషన్ కోసం ఏడాదికి పైగా పళ్ళకు తీగలు కట్టించుకుంది. ఇప్పుడు ఎముక కోసి, వెనక్కి జరిపి, బిగించాలి. లక్ష్మీప్రియకూ అదే బాధ, అదే ఆపరేషన్. ఇద్దరిదీ ఒకటే ఈడు. ఆ సాయంత్రం వార్డులో ఇద్దరికీ పక్కపక్క మంచాలే ఇచ్చారు. చీకటి పడకముందే ఇద్దరూ నోళ్ళు తెరిచి ఒకరి తీగలు ఒకరికి చూపించుకుని నవ్వుకుంటున్నారు. నాగలత అరటిపండ్లు తీసి జ్యోతికీ, సిద్దమ్మకూ ఇచ్చింది. జ్యోతి తినేసింది. సిద్దమ్మ పండును తలగడ పక్కన పెట్టి, మళ్ళీ ముట్టుకోలేదు.

డాక్టరు హనుమేష్ తన దగ్గర చదువుకునే ఇద్దరు కుర్ర డాక్టర్లను వెంటబెట్టుకుని వార్డులోకి వచ్చాడు. రెండు మంచాల మధ్య నిలబడి వాళ్ళతో అన్నాడు: "వీళ్ళిద్దరూ మన పరిశోధనలో ఉన్నారు. ఒకరికి మందు పడొచ్చు, ఒకరికి ఉప్పునీళ్ళు పడొచ్చు. ఇద్దరికీ ఒకటే పడినా పడొచ్చు. మనకు తెలీదు. తెలియకూడదు కూడా."

సిద్దమ్మ మంచం మీద నుంచి దిగి నిలబడింది. "ఉప్పునీళ్ళేంది సారూ?"

"దవడ ఎముక కోసినప్పుడు రక్తం బాగా పోతుందమ్మా. కుట్లు వేశాక కూడా కొంతసేపు ఊరుతూనే ఉంటుంది. దాన్ని తగ్గించే మందు ఒకటుంది. పాత మందే, వేరే ఆపరేషన్లలో వాడుతున్నారు. ఇందులో ఎంత పనిచేస్తుందో తేలాలంటే కొందరికి మందు, కొందరికి ఉప్పునీళ్ళు ఇచ్చి పోల్చి చూడాలి. థియేటర్లో ఒకసారి, సాయంత్రం ఒకసారి. మిగతా జాగ్రత్తలన్నీ అందరికీ సమానమే. మీ అమ్మాయికీ, మీ ఆయనకూ అన్నీ చెప్పాం. ఒప్పుకునే సంతకం పెట్టారు."

ఆయన పక్క వార్డుకు పోగానే సిద్దమ్మ వరండాలోకి వచ్చి మొగుడికి ఫోను చేసింది. గొర్రెలను వదిలి రాలేక అయ్యన్న పల్లెలోనే ఉండిపోయాడు.

"సంతకం పెడితివంట?"

"పెట్టినా. పాప కూడా పెట్టింది. సారు కూచోబెట్టి అంతా అర్థమయ్యేట్టు చెప్పినాడు."

"నాకు ఏంటికి చెప్పలేదు?"

అవతల గొర్రె ఒకటి అరిచింది. "చెప్తే ఒప్పుకుంటావా నువ్వు?" అన్నాడు అయ్యన్న.

సిద్దమ్మ లోపలికి వచ్చి కూతురి పక్కన కూర్చుంది. పక్క మంచం వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"మందు వాళ్ళకు, నీళ్ళు మనకు. రాసిపెట్టుకో."

"చీటీలు తీసినట్టమ్మా అది. ఎవరి చేతిలోనూ లేదు."

"చీటీలు రాసేదెవరు?"

జ్యోతి దుప్పటి కప్పుకుంది.

మరుసటి పొద్దున రెండు థియేటర్లలో రెండు ఆపరేషన్లూ మొదలయ్యాయి. బయట బల్ల మీద ఒక కొసన నాగలత, ఇంకో కొసన సిద్దమ్మ కూర్చున్నారు. నాగలత కళ్ళు మూసుకుని అహోబిలం నరసింహస్వామిని తలుచుకుంటోంది. సిద్దమ్మ కళ్ళు మూయలేదు. ఏ తలుపులోకి ఎవరు పోతున్నారు, ఎవరి చేతిలో ఏముంది, ఎవరు నవ్వుతూ బయటికి వచ్చారు, అన్నీ చూస్తూ కూర్చుంది. డాక్టరు ఒకసారి బయటికి వచ్చి వెంకటేశ్వర్లు భుజం మీద చెయ్యి వేసి ఏదో చెప్పాడు. తర్వాత సిద్దమ్మ దగ్గరికీ వచ్చి, "బాగా జరుగుతోందమ్మా" అన్నాడు. వెంకటేశ్వర్లుకు ఏం చెప్పాడో, అదే తనకూ చెప్పాడో లేదో అని ఆమె చాలాసేపు ఆలోచించింది.

మధ్యాహ్నం దాటాక ఇద్దరినీ వార్డుకు తెచ్చారు. ముఖాలు ఉబ్బి, పెదాలు లావుగా వాచి, ఎవరు ఎవరో పోల్చుకోవడమే కష్టమయింది. పై పళ్ళనూ కింది పళ్ళనూ రబ్బర్లతో కట్టేశారు. మాట్లాడటానికి లేదు. ఇద్దరికీ గడ్డం కింది నుంచి సన్నటి గొట్టం ఒకటి వచ్చి, మంచం పక్కన వేలాడే ముడతల ప్లాస్టిక్ బుడ్డిలోకి దిగుతోంది. లోపల ఊరే రక్తాన్ని ఆ బుడ్డి లాక్కుంటుంది. నర్సు కృపమణి రెండు మంచాలూ తలవైపు ఎత్తి పెట్టి, చెంపలకు ఐసు సంచులు ఆనించింది.

సిద్దమ్మ బుడ్డి దగ్గర వంగి కూర్చుంది. జ్యోతి బుడ్డిలో రక్తం చిక్కగా, నల్లెరుపుగా ఉంది. పక్క బుడ్డిలో పలుచగా, నీళ్ళు కలిసినట్టుగా ఉంది. మట్టం కూడా తక్కువే.

"సిస్టరమ్మా, దీంట్లో ఎక్కువుండాది. దాంట్లో తక్కువుండాది."

"ఒకరికి ఒక రకంగా వస్తుందక్కా. ఇదేం ఎక్కువ కాదు."

"ఎక్కువే."

కృపమణి బుడ్డి విప్పి కొలిచి, ఖాళీ చేసి, మళ్ళీ నొక్కి బిగించింది. కొలత ఎంతని సిద్దమ్మ అడిగింది. కృపమణి చెప్పింది. పక్క మంచానిది ఎంతని అడిగింది. "అది వాళ్ళది, నీకు చెప్పకూడదు" అంది కృపమణి. సిద్దమ్మ ఆ మాటను పట్టుకుంది. చెప్పకూడనిది ఏదో ఉందన్నమాట.

సాయంత్రం రెండో ఇంజెక్షన్ వేళకు కృపమణి చక్రాల బల్ల తోసుకుంటూ వచ్చింది. బల్ల మీద రెండు స్టీలు గిన్నెలు. ఒక్కో గిన్నెలో ఒక సిరంజి, ఒక చిన్న గాజు సీసా. సీసాల మీద అంకెల చీటీలు అతికించి ఉన్నాయి. రెండు సీసాలూ ఒకటే తీరు, లోపలిది నీళ్ళలాగే తేటగా ఉంది. బల్ల మంచాల మధ్యకు వచ్చేసరికి గది చివర ఎవరో ముసలాయన వాంతి చేసుకున్నాడు. కృపమణి బల్లను అక్కడే వదిలి అటు పరుగెత్తింది.

భర్త పిలిస్తే నాగలత కిందికి పోయింది. లక్ష్మీప్రియ కళ్ళు మూసుకుని ఉంది. జ్యోతి కూడా నిద్రపోతున్నట్టే ఉంది.

సిద్దమ్మకు చదువు రాదు గానీ అంకెలు వచ్చు. కూతురి చేతి పట్టీ మీది అంకె చూసింది. సీసాల మీది అంకెలు చూసింది. కుడి గిన్నెలోది జ్యోతిది. ఆమె చేతులు ఎప్పుడు ముందుకు పోయాయో ఆమెకే తెలియలేదు. ఈ సీసా ఆ గిన్నెలో, ఆ సీసా ఈ గిన్నెలో. చప్పుడు కూడా కాలేదు. చేతులు కొంగుకు తుడుచుకుని స్టూలు మీద కూర్చుంది.

టక్, టక్, టక్ మని మంచం ఇనుప కమ్మీ మోగింది. జ్యోతి వేళ్ళ కణుపులతో కమ్మీని కొడుతోంది. కళ్ళు పెద్దవి చేసి చూస్తోంది.

"దప్పికా?" సిద్దమ్మ దూది తడిపి పెదాలకు అద్దబోయింది. జ్యోతి ఆ చేతిని తోసేసింది. మళ్ళీ కమ్మీ కొట్టింది.

"నొప్పా? నర్సమ్మ వస్తాదిలే. సూది ఏస్తాది. అంతా తగ్గిపోతాది."

కృపమణి తిరిగి వచ్చి చేతులు కడుక్కుంది. జ్యోతి కమ్మీ కొడుతూనే ఉంది. కృపమణి ఆమె దగ్గరికి వంగి చూసి, వెనక్కి తిరిగి, "అక్కా, కింద క్యాంటీన్లో ఐసు అడిగి తీసుకురాపో. ఇదంతా కరిగిపోయింది" అని సంచి చేతికిచ్చింది. సిద్దమ్మ ఐసు తెచ్చేసరికి ఇంజెక్షన్లు అయిపోయాయి. బల్ల మీద రెండు సీసాలూ ఖాళీగా ఉన్నాయి.

ఆమెకు మొదట ఊపిరి తేలికగా ఆడింది. మందు ఇక తన బిడ్డ నరాల్లో ఉంది. కనీసం రెండోదైనా దక్కింది. అట్లా అనుకుంటూ బుడ్డి వైపు చూసింది. కొత్తగా ఊరింది కొంచెమే. అప్పుడు ఒక పురుగు లాంటి ఆలోచన లోపలికి దూరింది. ఇంత తొందరగా తగ్గదు కదా. ముందు నుంచే తగ్గుతూ ఉండిందేమో. అంటే పొద్దున థియేటర్లో జ్యోతికి పడింది మందేనేమో. అట్లయితే ఇప్పుడు తను ఇప్పించింది నీళ్ళు. తన బిడ్డ మందును తన చేత్తోనే తీసి పక్కమంచానికి పెట్టింది.

ఆమె లేచి కిటికీ దగ్గరికి పోయింది. వచ్చి కూర్చుంది. మళ్ళీ లేచింది.

"ఏం సిద్దమ్మా, కాలు నిలబడకుండా తిరుగుతాండావు?" అంది పైకి వచ్చిన నాగలత. "మీ పాపకు బాగుండాది కదా."

"ఆఁ. బాగుండాదమ్మా." బాగుందని ఈమెకెట్లా తెలుసు అనుకుంది సిద్దమ్మ.

లైట్లు వేసిన కాసేపటికి నాగలత కూతురి గడ్డం తుడిచి, ఆ తువ్వాలను వెలుతురులో పట్టుకుని చూసింది. "సిస్టర్!" అని అరిచింది. తువ్వాలు తడిసిపోయింది. గొట్టం పక్క నుంచి ఎర్రటి నెత్తురు మెడ మీదికి జారుతోంది. బుడ్డి అప్పుడే సగానికి పైగా నిండింది. దవడ కింద ఒక పక్క గట్టిగా ఉబ్బింది. లక్ష్మీప్రియ తల్లి మణికట్టు పట్టుకుని వదలడం లేదు.

కృపమణి గుడ్డ మడత పెట్టి ఉబ్బిన చోట అదిమి పట్టింది. డాక్టరు హనుమేష్ పరుగున వచ్చాడు. వేళ్ళతో తడిమి చూశాడు, నాడి చూశాడు. కుర్ర డాక్టర్లకు థియేటర్ సిద్ధం చేయమని చెప్పి, ఫోను తీసుకుని వార్డు గుమ్మం దగ్గరికి వచ్చాడు. సిద్దమ్మ అక్కడే గోడకు ఆనుకుని ఉంది. ఎవరికి ఏది పడిందో రాసిపెట్టుకునే మందుల గదికి ఆయన ఫోను చేసి లక్ష్మీప్రియ అంకె చెప్పాడు.

"ఇప్పుడు తెలియాలి, చెప్పండి. మందా? రెండుసార్లూనా? సరే." ఫోను పెట్టేసి వెనకాలే వచ్చిన కృపమణితో అన్నాడు: "మందే పడింది. అయినా ఇట్లా కారుతోందంటే మందుతో ఆగేది కాదు. రక్తనాళం ఏదో తెరుచుకుంది. కుట్లు విప్పి చూడాల్సిందే."

చూస్తివా, నేను చెప్పలా, అని సిద్దమ్మ లోపల ఎవరో గట్టిగా అన్నారు. వాళ్ళకే మందు. తను అనుకున్నదే నిజం. మరుక్షణమే రెండో సంగతి తట్టింది. రెండుసార్లూ మందు పడిందని నమ్మి ఈయన నిర్ణయం తీసుకుంటున్నాడు. రెండోది పడలేదు. ఆ సంగతి ఈ లోకంలో తన ఒక్కదానికే తెలుసు.

వరండా చివర వెంకటేశ్వర్లు ఫోనులో ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నాడు. చెప్తే ఆ మనిషి ఏం చేస్తాడో ఊహించడానికి ఎక్కువ తెలివి అక్కర్లేదు.

"సారూ."

"ఇప్పుడు కాదమ్మా."

ఆమె ఆయన తెల్లకోటు చెయ్యి పట్టుకుంది. "సారూ, ఆ పాపకు రెండో మందు పడలేదు. నేను మార్చినా. నా చేత్తో సీసాలు మార్చినా. మా పాపది ఆ పాపకు పడింది."

హనుమేష్ ముఖంలో రంగు మారింది. కృపమణే ముందు మాట్లాడింది.

"లేదు సార్. సరిగ్గానే పడింది. సీసాలు మారినయ్. చేతి పట్టీలు చూసి నేను సరిచేసే ఇచ్చినా. రాత్రి మీకు చెప్పాలనే ఉన్నా."

"నిజంగా చూశావా?"

"రెండుసార్లు చూసినా సార్."

ఆయన సిద్దమ్మ వైపు ఒకసారి చూశాడు. కోపమో, మరొకటో ఆమెకు తెలియలేదు. "పద" అని కృపమణితో అని లోపలికి పోయాడు. లక్ష్మీప్రియను మంచంతో సహా తోసుకుపోయారు. నాగలత చెప్పులు లేకుండానే వెంట పరుగెత్తింది.

తిరిగి వచ్చాక కృపమణి సిద్దమ్మను పక్కకు పిలిచింది.

"పట్టీ చూడకుండా నేను ఎట్లనూ సూది వెయ్యను. కానీ ముందు కనిపెట్టింది నేను కాదక్కా. మీ పాప. నా చెయ్యి పట్టుకోని సీసాలు చూపించింది. తర్వాత నిన్ను చూపించింది. అందుకే నిన్ను ఐసుకు పంపించినా."

సిద్దమ్మ మంచం వైపు తిరిగింది. జ్యోతి కళ్ళు తెరిచే ఉంది. తల్లి చూపు తగలగానే వాటిని మూసుకుంది.

లక్ష్మీప్రియ కుట్లు విప్పి చూస్తే తెగిన సన్నటి రక్తనాళం ఒకటి కనిపించింది, దాన్ని కట్టేశారు. తెల్లవారేసరికి ఆమె పాలిపోయి, కానీ నిమ్మళంగా నిద్రపోతోంది. వెంకటేశ్వర్లు మాత్రం నిమ్మళించలేదు. వార్డు గుమ్మంలో నిలబడి హనుమేష్ మీద అరిచాడు.

"మా బిడ్డ మీద ప్రయోగాలు చేస్తారా? ఆ కూలోళ్ళ బిడ్డకు చుక్క కారలేదు. ఆ బిడ్డకు అసలు మందు ఏసినారు, మా బిడ్డకు ఏందో ఏసినారు. నాకు తెలీదనుకుంటాండారా?"

"మీ అమ్మాయికి పడింది మందేనండీ. ఆ అమ్మాయికి ఏది పడిందో నాకు ఈరోజుకూ తెలీదు."

"ఎవరికి చెప్తావప్పా?"

సిద్దమ్మ దుప్పటి మడత పెడుతూ ఆగిపోయింది. ఆ మాటలు ఆమెవే. గొంతే వేరు.

హనుమేష్ తర్వాత జ్యోతి దగ్గరికి వచ్చాడు. బుడ్డి తీసి చూసి, రేపు గొట్టం తీసేస్తామన్నాడు. తర్వాత సిద్దమ్మ వైపు తిరిగాడు.

"నర్సు చూసుకోకపోతే ఏమయ్యేదో తెలుసా మీకు?"

"తెలీదు సారూ. చేసినప్పుడు అసలే తెలీదు."

"రాత్రి చెప్పారు. అది మంచి పని చేశారు." ఆయన జ్యోతి తలగడ సరిచేశాడు. "మందు ఒక్కటే రక్తాన్ని ఆపదమ్మా. ఆపరేషన్లో బీపీ కాస్త తగ్గించి ఉంచుతాం, కోసే చోట ముందే సూది వేస్తాం, తల ఎత్తి పడుకోబెడతాం. అన్నీ చేసినా ఒక్కోసారి ఒక నాళం మాట వినదు. మీ అమ్మాయికి ఏది పడిందో పరిశోధన అయ్యాక కావాలంటే చెప్తాం."

సిద్దమ్మ తల ఊపింది. నమ్మిందా అంటే, పూర్తిగా నమ్మలేదు. కానీ ఇంకో ప్రశ్న అడగలేదు.

ఆ రోజంతా జ్యోతి తల్లి చేత ఏమీ తాగలేదు. రాగి జావ గ్లాసు అందిస్తే, కృపమణి వచ్చేదాకా ఆగి, ఆమె చేతి నుంచి తీసుకుంది. కృపమణి కూడా ఇప్పుడు బల్లను ఎక్కడా వదలడం లేదు. ఎవరైనా పిలిస్తే దాన్ని తోసుకుంటూనే పోతోంది. సిద్దమ్మ అది చూస్తూ కూర్చుంది. ఏమీ అనుకోలేదు. అనుకోవడానికి తనకు హక్కేముంది?

మరుసటి రోజు గొట్టం తీశాక హనుమేష్ రబ్బర్లు కొంచెం వదులు చేశాడు. ఆయన పోయాక జ్యోతి పళ్ళ సందుల్లోంచి మొదటిసారి మాట్లాడింది. మాట ముద్దముద్దగా వచ్చింది.

"ఆ యమ్మకు చెప్పినావా?"

"సారుకు చెప్పినా కదా పాపా."

"ఆ పాప సారు బిడ్డ కాదు గదా."

సిద్దమ్మ పక్క మంచం వైపు చూసి గొంతు తగ్గించింది. "ఆ యప్ప ఎట్లాంటోడో చూస్తివి కదా. ఊరికే వదుల్తాడా? ఏం కాలేదు కదా. నర్సమ్మ సరిచేసింది. అయిపోయింది."

జ్యోతి కాళ్ళు ముడుచుకుని గోడవైపు తిరిగింది.

సిద్దమ్మ వరండా వైపు చూసింది. వెంకటేశ్వర్లు కారు దగ్గరికి పోయాడు. నాగలత మంచం పక్కన నిలబడి మజ్జిగ వడగడుతోంది, కూతురి గొంతులో ఏమీ అడ్డుపడకుండా. సిద్దమ్మ లేచి పోయి ఆమె ఎదురుగా నిలబడింది.

"అమ్మా, ఒక మాట చెప్పల్ల."

"చెప్పు."

చెప్పింది. ముందూ వెనకా ఏమీ కలపకుండా, చేసింది చేసినట్టు చెప్పింది. నాగలత చేతిలోని వడగట్టు గుడ్డ నుంచి మజ్జిగ చుక్కలు చుక్కలుగా గ్లాసులోకి పడి ఆగిపోయాయి. లక్ష్మీప్రియ కళ్ళు తల్లి మీద నుంచి సిద్దమ్మ మీదికి, సిద్దమ్మ మీద నుంచి జ్యోతి వీపు మీదికి కదిలాయి.

"ఏంటికి?" అంది నాగలత చివరికి.

"మీ పాపకే మందిస్తాండారని."

"నేనూ అట్లే అనుకున్యా. మీ పాప బుడ్డిలో రక్తం తగ్గిపోతావుంటే, వీళ్ళ బిడ్డకే ఇచ్చినారు మందు అనుకున్యా." గుడ్డను పిండి పక్కన పెట్టింది. "అనుకున్యా. చెయ్యి పెట్టలేదు."



నాగలత మజ్జిగ గ్లాసును, మాత్రలను, సీసాలో నీళ్ళను ఒక్కొక్కటే తీసి, రెండు మంచాల మధ్య ఉన్న అలమర మీద నుంచి అవతలి వైపు కిటికీ గట్టు మీదికి చేర్చింది. తర్వాత స్టూలు ఈ పక్కకు జరుపుకుని, కూతురికీ సిద్దమ్మకూ మధ్య కూర్చుంది.

"మా ఆయనకు చెప్పను. చెప్తే ఈడ గొడవ. నువ్వు పో."

సిద్దమ్మ తన మంచం దగ్గరికి వచ్చింది. జ్యోతి ఇటు తిరగలేదు గానీ కాళ్ళు గోడవైపుకు జరిపింది. తల్లి కూర్చునేంత చోటు అయింది. సిద్దమ్మ కూర్చుంది. నాగలత చూపు తన మీదే ఉందని ఆమెకు తెలుస్తూనే ఉంది. కొంగు కింద ఉన్న రెండు చేతులూ బయటికి తీసి, ఆమెకు కనిపించేట్టు ఒళ్ళో పెట్టుకుంది.